మంచుమీద పరచిన ఇనుపదారి

ఇనుపదారుల ఇతిహాసము: 7వ భాగము

గడచిన భాగమున మనము వ్లాడివోస్టాకు రేవువద్ద నిలిచితిమి. రష్యా యువరాజు నికొలాసు బొంబాయి, కలకత్తాలను జూచి, కొలంబో మీదుగ తూర్పుసముద్రములు దాటి, జపానులోని ఓట్సు పట్టణమున కాపలా పోలీసువాని కత్తివ్రేటునుండి తలగాయముతో బయటపడి, 1891వ సంవత్సరము మే నెలాఖరున ఆ రేవు చేరి, ఒంటిచక్రపుబండి నిండ మన్ను ద్రోసికొనిపోయి కట్టమీద గుమ్మరించిన ఘట్టము పాఠకులకు జ్ఞాపకముండును. ప్రపంచములోకెల్ల పొడవైన రైలుమార్గమునకు జరిగిన భూమిపూజ యది.

ఆ మార్గము నెందుకు తలపెట్టిరో కూడ అప్పుడే చెప్పుకొంటిమి. 1861లో దాస్యవిముక్తి పొందియు చాలినంత భూమి దొరకని రైతులొకవైపు, జనసంచారము లేని సైబీరియా వేరొకవైపు. 1885లో పూర్తియైన కెనడా రైలుమార్గము పసిఫిక్ తీరమున ఇంగ్లీషువారికిచ్చిన ఆనుకూల్యము, చైనా సరిహద్దునుగూర్చిన భయము: ఇవన్నియు గలిసి మూడవ అలెగ్జాండరు జారును ఈ పనికి పురికొల్పినవి. దానిని కార్యరూపమున బెట్టినవాడు, ఒడెస్సా రైల్వేలో ఉద్యోగమారంభించి 1892లో ఆర్థికమంత్రి పదవి నందుకొనిన సెర్గేయ్ విట్టే. ఈ భాగమున ఆ దారి సైబీరియా శీతకాలమును ఎట్లెదుర్కొన్నదో, ఎచ్చట తెగి నిలిచినదో, ఆ తెగినచోటు రాజ్యమున కెంత ప్రమాదము దెచ్చెనో చూతము.

పుష్యమాసపు తెల్లవారుజామున యానాములో గౌతమి యొడ్డున నిలిచినవానికి ఎదురుగట్టుననున్న ఎదుర్లంక కనబడదు. మంచు కప్పియుండును. పడవవాని కేక వినబడును గాని పడవ కానరాదు. మన భాషలో ‘మంచు’ అను నొక్కమాటయే గడ్డిపరక కొనయందు వ్రేలాడు బొట్టునకును, ఏటిమీద దట్టముగ పరచుకొను పొగవంటి తెరకును, హిమగిరి శిఖరములపై గడ్డకట్టిన తెల్లదనమునకును చెల్లుచున్నది. మొదటి రెండింటిని మనము ఏటేట కన్నులార చూచుచున్నాము. మూడవదానిని మనలో పెక్కుమంది కావ్యములలోనే చూచితిమి. పెద్దనామాత్యుని ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపము పూసికొని క్షణములో హిమాలయము చేరెను. ఆ వింతలు చూచుచు తిరుగునంతలో లేపము మంచునీటికి కరగిపోయెను. పోయినదారి తిరిగివచ్చుట కుపాయము లేక అతడు పడిన చిక్కు తెలుగువారెల్లరు ఎరిగినదే. సుదూరమునకు క్షణములో గొనిపోవు సాధనము మంచుపాలైనప్పుడు మనుష్యుని గతి యేమి? ప్రవరుని యీ ప్రశ్న 1904 ఫిబ్రవరిలో ఒక మహాసామ్రాజ్యమునకే యెదురయ్యెను.

దారి నీటియొడ్డున తెగిపోవుట యెట్టిదో గోదావరిపాయల నడుమ బ్రతుకు జనులకు వేరుగ చెప్పనక్కరలేదు. యానాముమీదుగ నేటికిని రైలు లేదు. ఈ శతాబ్దారంభమున వారధి లేచువరకు ఎదుర్లంకకు పోవలెనన్న పంటుకొరకు రేవులో కనిపెట్టుకొని యుండవలసినదే. బండ్లు, పశువులు, పెండ్లివారు, రోగులు అందరును ఆ రేవు దయకు లోబడినవారే. రాజమహేంద్రవరము కథయు ఒకప్పుడిట్లే యుండెను. తూర్పుతీరపు రైలుమార్గము 1890లలో ఇరువైపులనుండి వచ్చి గోదావరి గట్టులవద్ద నిలిచిపోయెను. 1897లో ఆరంభించి, 56 ఖానాలతో, మూడు కిలోమీటర్లకు కొంచెము తక్కువ పొడవున కట్టిన వంతెనమీద 1900లో బండి నడచిన తరువాతగాని మద్రాసు, కలకత్తాల నడుమ దారి ఒకటి కాలేదు. అదే 1900లో, ఇచ్చటికి వేల కిలోమీటర్ల ఉత్తరమున, వేరొక జలమును దాటుటకు వంతెన కట్టలేక రైలుపెట్టెలను ఓడమీద నెక్కించుచుండిరి. ఆ జలము బైకాలు సరస్సు. కాని అచ్చటికి చేరుటకు ముందు చాల దూరము పోవలసియున్నది.

రైలు రాకముందు సైబీరియా ప్రయాణమనగా ‘ట్రాక్టు’ అను తపాలాదారి వెంట గుఱ్ఱపుబండ్లమీద నెలలతరబడి పోవుట. రచయిత చెహోవు 1890లో ఖైదీల ద్వీపమైన సహలీనును చూడబోయి, వసంతకాలపు బురదలో, పొంగిన యేరులలో బండి కుదుపులకు ఒళ్లు హూనము చేసికొని, దాదాపు మూడు మాసములకు గాని గమ్యము చేరలేదు. విచిత్రమేమన, ఆ దేశమున శీతకాలమే ప్రయాణమునకు మేలైన ఋతువు. నదులు గడ్డకట్టి రహదారులగును. బురద రాయివలె బిగియును. చక్రములు విప్పివేసి జారుబండ్లు పూన్చిన, గుఱ్ఱములు సునాయాసముగ పరుగిడును. మనకు ఏరు పొంగిన దారి తెగును. వారికి ఏరు గట్టిపడిన దారి యేర్పడును. ఈ ఎఱుకయే రాబోవు కథకు మూలము.

నిర్మాణమును పెక్కు ఖండములుగ విభజించి, ఇరుకొనలనుండి ఒకేసారి మొదలిడిరి. పశ్చిమమున చెల్యాబిన్స్కునుండి ఓబు నదివరకు నున్న సమతలభూమిలో పని త్వరగ సాగెను. అచ్చట చిక్కు కొండలు కావు. రాయి లేకపోవుట, కొయ్య దొరకకపోవుట, వేసవిని దోమల మూకలు పైబడుట. తూర్పునకు పోయినకొలది చిక్కులు మారినవి. బైకాలునకు ఆవల నేల లోతున ఏడాది పొడవునను గడ్డకట్టియే యుండును. పారతో త్రవ్వబోయిన పార వంగును. కొయ్యలు పేర్చి మంటవేసి, మన్నును కరగించి, మెత్తబడినంతవరకు త్రవ్వి, మరల మంటవేయవలెను. అట్లు త్రవ్విన నేల వేసవిలో కరగి క్రుంగిపోవగా కట్టలు వంకరలు తిరిగినవి. 1897లో వచ్చిన వరద ఆ ప్రాంతమున అప్పటివరకు జరిగిన పనిలో చాలభాగమును ఊడ్చుకొనిపోయెను. పనివారిలో రష్యా రైతులు, సైనికులు, చైనావారు, ఇటలీనుండి వచ్చిన రాతిపనివారు, సంకెళ్లతో వచ్చిన ఖైదీలు నుండిరి. పనిచేసిన ఖైదీకి శిక్షాకాలములో తగ్గింపు నిచ్చెడివారు. చలికి చేతివ్రేళ్లు కోల్పోయినవారును, వంతెనల యినుపదూలములపై పట్టుతప్పి గడ్డకట్టిన నదిమీద పడినవారును పెక్కుమంది. వారి పేర్లు ఏ రాతిపలకమీదను లేవు.

ఖర్చు తగ్గించుటకై విట్టే కాలమున ఒంటిదారి మాత్రమే వేసిరి. పట్టాలు తేలికవి, కంకర పలుచన. చిన్న ఏరులపై కొయ్యవంతెనలతో సరిపెట్టిరి. మహానదులవద్ద మాత్రము వెనుదీయలేదు. క్రాస్నొయార్స్కువద్ద యెనిసేయి నదిమీద ప్రొస్కుర్యాకొవ్ రచించిన ఉక్కువంతెన 1899లో పూర్తియై, మరుసటి యేట పారిసు ప్రదర్శనలో బంగారు పతకము నందుకొనెను. ఓబునదిపై వంతెన కట్టుటకు వచ్చిన కూలివారు వేసికొనిన గుడిసెలపల్లె నేడు నొవొసిబిర్స్కు అను మహానగరమైనది. పూర్వఖ్యాతి గల టామ్స్కును ప్రధానమార్గము తప్పించుకొని దక్షిణముగ పోయినందున, ఆ నగరము శాఖామార్గముతో తృప్తిపడవలసి వచ్చెను. చైనా తేయాకును ఒంటెలమీద తెచ్చి బ్రతికిన క్యాఖ్తా సంతలు క్రమముగ బోసిపోయినవి. 1839 నాటి ఉప్పెనకు నేలగూలి, ఆపై ఇసుకమేటలకు ఓడలను గోలుపోయి, తన వైభవమును కాకినాడకు ధారపోసిన కోరంగి మన పొరుగుననే యున్నది గదా. దారి మారిన ఊరి గతి యేమగునో మనకు తెలియనిదా?

రైలు వచ్చిన వెంటనే సైబీరియా రైతు తన గోధుమను పశ్చిమమునకు పంపదలచెను. అది చూచి యూరపు రష్యాలోని జమీందారులు బెదరి, తమ ధాన్యము ధర పడిపోవునని ప్రభుత్వముతో మొరపెట్టుకొనిరి. ప్రభుత్వము వారి మాట విని, చెల్యాబిన్స్కువద్ద ప్రయాణము తెగినట్లును, అచ్చటినుండి వేరొక ప్రయాణము మొదలైనట్లును లెక్కగట్టి, ధాన్యమునకు రవాణాచార్జి పెంచెను. ధాన్యము పోనీయని ఆ దారివెంట రైతు వెన్నను పంపెను. గడ్డి పుష్కలము, పశువులు సమృద్ధి, చలి కావలసినంత. డెన్మార్కు వర్తకులు వచ్చి కొనుగోలు కొట్లు తెరచిరి. తెల్లరంగు వేసిన శీతలపు పెట్టెలలో సైబీరియా వెన్న పశ్చిమమున లండను దాక పోయెను. జమీందారుల లాభము కాపాడుటకు వేసిన అడ్డుకట్ట పేదరైతుకు వేరొక వ్యాపారమును నేర్పినది.

ఇంతటి పనికి ధనమెచ్చటిది? అందులో చాలభాగము ఫ్రాన్సుది. 1888 మొదలు పారిసు విపణిలో రష్యా ఋణపత్రములు అమ్ముడుపోవుచుండెను. 1894లో ఫ్రాన్సు, రష్యాల మైత్రి స్థిరపడిన తరువాత ఫ్రెంచి చిన్నగుమాస్తా, పల్లెరైతు, వితంతువు తమ కూడబెట్టిన సొమ్మును జారు ప్రభుత్వము చేతిలో బోసిరి. ఆ కాలమున యానాము ఫ్రెంచి ఇండియా యొక్క అయిదు స్థావరములలో నొకటి. ఫ్రెంచివారు 1723లో ఇచ్చట తొలుత పాదము మోపిరి. చుట్టును గోదావరి మండలము ఇంగ్లీషువారిది; నడుమ నీ చిన్న తునక ఫ్రెంచివారిది. మంగళవారపు సంతకు పొరుగూళ్లనుండి విదేశీ సరకుల కొరకు జనులు వచ్చెడివారు. ఫ్రెంచి ఇండియా పక్షమున పారిసు శాసనసభకు ప్రతినిధి పోయెడివాడు. కనుక యానాముపై నెగిరిన మూడురంగుల జెండా, సైబీరియా పట్టాలకు అప్పిచ్చిన గణరాజ్యపు జెండా ఒక్కటే.

ఆ గణరాజ్యము 1900 ఏప్రిలునుండి నవంబరువరకు పారిసులో విశ్వప్రదర్శన జరిపినది. దానిని చూచినవారు ఇంచుమించు అయిదుకోట్లు. ట్రోకడేరో ఉద్యానములో ఫ్రెంచివలసల మండపములు కొలువుదీరినవి. ఆ ఉద్యానమందే రష్యా ఆసియాఖండ మండపము లేచినది. దానిలో నాగెల్మాకర్సు అను బెల్జియము దేశస్థుడు నెలకొల్పిన శయ్యాశకటముల కంపెనీ యొక వింత నేర్పరచెను. నిజమైన రైలుపెట్టెలను నిలిపి, అందులో ప్రేక్షకులను కూర్చుండబెట్టి, కిటికీ వెలుపల సైబీరియాను నడిపించిరి. అతి సమీపమున ఇసుక, గులకరాళ్లు అంటించిన పట్టీ నిమిషమునకు 300 మీటర్ల వేగమున పరుగెత్తును. దానికావల పొదలు చిత్రించిన తెర 120 మీటర్లు, మరియొకటి 40 మీటర్లు, అన్నిటికిని వెనుక అడవులు, కొండలు, నగరములు చిత్రించిన పెద్దతెర కేవలము 5 మీటర్లు కదలును. రాజమహేంద్రవరమునుండి సామర్లకోటకు బండిలో పోవువానికి దగ్గరి తంతిస్తంభములు వెనుకకు దూకుచుండగా దూరపు తాళ్లతోపు తనతో కూడ వచ్చుచున్నట్లు తోచదా? ఆ మాయయే అది. ముప్పావుగంటలో మాస్కో నుండి పెకింగు చేరుదురు. ఎక్కునప్పుడు రష్యా పరిచారకులు, దిగునప్పుడు చైనా పరిచారకులు. చలి లేదు, ఆలస్యము లేదు. సరస్సువద్ద దిగి ఓడయెక్కవలసిన పనియు లేదు. చుట్టలు చుట్టిన ఆ బట్టమీద దారి ఎచ్చటను తెగలేదు.

నిజమైన బండిలో నెక్కుదము. అది 1903 నాటి శీతకాలమనుకొనుడు. మాస్కో వదలిన విలాసవంతమైన వేగబండిలో భోజనశాల, పుస్తకముల బీరువా, స్నానపుగది, పియానో నుండెను. వోల్గానది దాటిన పిమ్మట యురాలు కొండలలో, ఒకవైపు ‘యూరపు’, మరియొకవైపు ‘ఆసియా’ అని చెక్కిన రాతిస్తంభమును బండి దాటును. ఆపైన తెల్లని మైదానము. ఒకనాడు, రెండునాళ్లు, మూడునాళ్లు చూచినను అదే తెల్లదనము. దానిమీద సన్నని తెల్లబోదెల చెట్లు బారులు బారులుగ. ఆ చెట్టు మనకు పేరునకు పరిచితమే. పూర్వులు గ్రంథములు వ్రాసికొనిన భూర్జపత్రములు దాని హిమాలయజాతి నుండి ఒలిచిన బెరడే. తాటియాకుపై గంటము నడపిన దేశమువారికి భూర్జవనములో మూడునాళ్ల ప్రయాణమనగా, వ్రాయని తెల్లగ్రంథమును పుట పుటగ త్రిప్పుచున్నట్లుండును. యెనిసేయి దాటిన తరువాత దేవదారుజాతి చెట్లు చిక్కనై, వాని కొమ్మలు మంచుబరువున క్రిందికి వ్రాలి, అడవి నల్లబడును. ఆ అడవిని ‘తైగా’ అందురు. కిటికీలకు జోడు అద్దములు. లోపలి అద్దముమీద ప్రయాణికుల ఊపిరియే గడ్డకట్టి ఆకులవలె, ఈకలవలె ముగ్గులు వేయును. బయటికి చూడవలెనన్న ఆ ముగ్గును అరచేతితో కరగించి, రూపాయిబిళ్లంత రంధ్రము చేసికొనవలెను.

కాలగణనము కూడ వింతయైనదే. దారి పొడవునను స్టేషను గడియారములు రాజధానియైన పీటర్సుబర్గు కాలమునే చూపును. ఇర్కుట్స్కులో సూర్యుడు అస్తమించుచుండగా ప్లాటుఫారముమీది గడియారమున ఇంకను మధ్యాహ్నమైన కాదు. రెంటికిని అయిదుగంటల అంతరము. మన దేశపు రైళ్లును ఆనాడు మద్రాసు కాలమునే పాటించెడివి; రాజమహేంద్రవరమున సూర్యునికిని గడియారమునకును ఆరు నిమిషముల భేదము. ఆరు నిమిషములను మనస్సు గుర్తింపదు. అయిదుగంటలైన ఆకలి, నిద్ర, భోజనశాల గంట మూడును మూడు దారులు పట్టును.

విలాసపుబండి ప్రయాణికులు కొద్దిమంది. ఆ దారికి ప్రాణము పోసినవారు వెనుక మెల్లగ వచ్చు బండ్లలోని వలసరైతులు. సరకుపెట్టెకు పలకలు దాపి, నడుమ నొక యినుపకుంపటి నిలిపి, గోడలవెంట అరలు కట్టిన, అది ‘తెప్లూష్కా’ అనగా వెచ్చనిపెట్టె యగును. నలుబదిమంది మనుష్యులైనను ఎనిమిది గుఱ్ఱములైనను పట్టునని దాని తలుపుమీద వ్రాసియుండును. కుంపటికి దగ్గరనున్నవానికి చెమట, మూలనున్నవానికి వణుకు. అందుచే రాత్రి వంతులవారీగ చోటు మార్చుకొనెడివారు. గోనెలో విత్తనములు, చెక్కపెట్టెలో దేవుని పటము, ఒడిలో పసిబిడ్డ: ఇదియే వారి ఆస్తి. ప్రతి పెద్ద స్టేషనులోను వేన్నీళ్ల గది యొకటి. బండి ఆగిన తోడనే చెంబులు, కేతలీలు పట్టుకొని అందరును అచ్చటికి పరుగు. ఆ వేన్నీళ్లు ఉచితము. వానితో కలుపుకొనిన తేనీరు, నంజుకొనిన నల్లరొట్టె, అదియే భోజనము. శాలువలు తలమీదుగ కప్పుకొనిన పల్లెపడుచులు ఉడికిన బంగాళాదుంపలు, కాల్చిన కోళ్లు అమ్ముచుందురు. పాలు కావలెనన్న చెంబు చాపనక్కరలేదు. గిన్నెలో గడ్డకట్టిన పాలను బిళ్లగ తీసి, పట్టుకొనుటకు వీలుగ ఒక పుల్ల గ్రుచ్చి, చేతికిత్తురు. ఆ పాలబిళ్లను గుడ్డలో చుట్టి సంచిలో వేసికొని పోవుట చూచిన మన గొల్లభామ లేమనుకొందురో!

దారివెంట వెర్‌స్టుకొక కావలిగుడిసె యుండెను. వెర్‌స్టనగా కిలోమీటరునకు కొంచెము ఎక్కువ. శిక్ష ముగిసిన ఖైదీలు పెక్కుమంది ఈ కావలిపనిలో కుదిరి కాపురములు పెట్టిరి. రైలు వచ్చు వేళకు కావలివాడైనను, వాని యిల్లాలైనను గుమ్మము ముందు నిలిచి, పగలు పచ్చజెండాను, రాత్రి పచ్చదీపమును ఎత్తిపట్టవలెను. దారి సురక్షితమని దాని అర్థము. అర్ధరాత్రి కిటికీ రంధ్రముగుండ చూచువానికి చీకటిలో నొక పచ్చదీపము దగ్గరై, దాటి, వెనుక చిన్నదై మాయమగును, కొంతసేపటికి మరియొకటి. ఒక్కొక్క దీపము వెనుకను చలిలో నిలిచిన మనిషి యొకడు. ఖండమంత పొడవున సామ్రాజ్యముయొక్క భద్రత ఇట్టి చేతులమీదుగనే నడచినది.

ఎనిమిదితొమ్మిది దినముల ప్రయాణానంతరము ఇర్కుట్స్కు వచ్చును, ఆవల బైకాలు. దాని పొడవు 636 కిలోమీటర్లు. లోతు 1,642 మీటర్లు. భూతలముపై గడ్డకట్టక నిలిచియున్న మంచినీటిలో అయిదవవంతు దానిలోనిదే. దక్షిణపుకొన చుట్టి దారి వేయుదమన్న కొండచరియలు నిట్టనిలువుగ నీటిలోనికి దిగియున్నవి. ఆ పని వాయిదా వేసి, ఇంగ్లండులోని న్యూకాసిలు పట్టణపు ఆర్మ్‌స్ట్రాంగు కంపెనీచే రైలుపెట్టెలను మోయు ఓడనొకదానిని చేయించిరి. వేలకొలది ముక్కలుగ విప్పి తెచ్చి, సరస్సు ఒడ్డున మరల బిగించిన ఆ నాలుగు పొగగొట్టముల ఓడకు సరస్సు పేరే పెట్టిరి. తన లోపల పరచిన మూడు వరుసల పట్టాలపై ఇరువదికి మించిన పెట్టెల నెక్కించుకొని, మంచుపొరను చీల్చుకొని పోవుచు 1900లో అది పని ప్రారంభించెను. ప్రయాణికులను చేరవేయుటకు ‘అంగారా’ అను చిన్నయోడ తోడయ్యెను. కాని నడిశీతకాలమున సరస్సుమీది మంచు మీటరు మందమునకు మించును. అప్పుడు పెద్దయోడయు కదలలేక నిలిచిపోవును. జనులు జారుబండ్లమీద ఆవలికి పోవలెను. పంటు ఎంత పెద్దదైనను పంటే గాని వారధి కాదు.

ఈ లోపమెరిగియు రాజధానిలో పెద్దలు తొందరపడిరి. 1896లో చైనాతో కుదిరిన ఒడంబడిక ప్రకారము మంచూరియా మీదుగ అడ్డదారి వేసిరి. 1898లో పోర్టు ఆర్థరు రేవును కౌలునకు గొనిరి. విట్టే ఈ దారిని వాణిజ్యమార్గముగ భావించెను. మెల్లగ, శాంతితో దానిని ఫలింపజేయవలెనని అతని మతము. బెజొబ్రాజొవ్ అను మాజీ సైనికోద్యోగి నాయకత్వమున చేరిన రాజాస్థానబృందము కొరియా సరిహద్దున యాలూనది అడవుల కలపమీద కన్నువేసి, జపానును చులకనచేసి మాటలాడెను. అప్పటికి చక్రవర్తియైన నికొలాసు వారివైపు మొగ్గెను. 1903 ఆగస్టులో విట్టే ఆర్థికమంత్రి పదవి పోయెను. అంతకుముందే, 1902 జనవరిలో, ఇంగ్లండు జపానుతో సంధి చేసికొనియుండెను. ఇప్పుడు మన యానాము పొలిమేరను ఒకసారి తలచుడు. గట్టుకీవల జారుకు మిత్రమైన ఫ్రాన్సు. గట్టుకావల జపానుకు మిత్రమైన ఇంగ్లండు. ఉభయుల ఏలుబడిలోను మాటలాడునది ఒకటే తెలుగు. అచ్చటి రైతు ఇచ్చటి సంతకు వచ్చి పోవుచునే యుండెను. లోకమును రెండుగ చీల్చుచున్న రేఖ తమ వరిచేల నడుమనుండి పోవుచున్నదని వారెరుగరు.

1904 ఫిబ్రవరి 8వ తేది రాత్రి జపాను నౌకలు పోర్టు ఆర్థరుపై విరుచుకుపడినవి. అది బైకాలు గడ్డకట్టిన కాలము. ఓడ కదలదు; కొండలచుట్టు దారి ఇంకను పూర్తికాలేదు. దేశములోని సైన్యములో అధికభాగము పశ్చిమమున, యుద్ధమంతయు తూర్పున, నడుమ నలుబది కిలోమీటర్లకు పైబడిన మంచుపలక. రైలుశాఖామంత్రి ఖిల్కోవు స్వయముగ సరస్సుకు వచ్చెను. పుట్టుకచే రాజవంశీయుడైనను, యౌవనమున అమెరికాకు పోయి రైలుపనిని అడుగుమెట్టునుండి నేర్చుకొనిన మనిషి యతడు. నీరు రాయివలె నున్నంతకాలము దానినే నేలగ వాడుదమని నిశ్చయించి, సరస్సుమీద పట్టాలు పరపించెను.

బరువు ఒక్కచోట పడకుండ పొడవైన దూలములను అడ్డముగ పరచి, వానిపై పట్టాలు బిగించిరి. ఇంజను మొత్తముగ నడచిన మంచు ఆగదు. కనుక ఇంజనుల భాగములు విప్పి, తేలికపరచి, పెట్టెలతోపాటు ఒకదానివెనుక నొకటి ఎడముగ నిలిపి, గుఱ్ఱములచేతను మనుష్యులచేతను లాగించిరి. రాత్రివేళ చలి బిగిసినకొలది మంచు ఫిరంగి మ్రోగినట్లు పగులును. పగులు విచ్చినచోట నల్లని నీరు కానవచ్చును. పనివారు పరుగిడి దూలములు వేసి పూడ్చి, పట్టాలు సరిచేయుదురు. సైనికులు మూటలు వీపున గట్టుకొని కాలినడకన దాటిరి. గాలి ముఖమును కోయుచుండగా వారి గడ్డములమీద ఊపిరి తెల్లగ పేరుకొనుచుండెను. దారి నడుమ వేసిన వెచ్చని విడుదులలో వేడి గంజి త్రాగి, మరల నడచిరి. మార్చి నెల సాగినకొలది మంచు మెత్తనగుట ఆరంభమాయెను. ఆ లోపుగ అరువదికి పైబడిన ఇంజనులు, రెండువేలకు పైబడిన పెట్టెలు ఆవలిగట్టు చేరినవి. ఇంజినీరుల పట్టుదలకును, పేరులేని కూలివారి ఓర్పునకును ఇంతకుమించిన నిదర్శనము రైళ్ల చరిత్రలో అరుదు.

అయినను ఆ దృశ్యమును తలచినప్పుడు మనస్సు కలుక్కుమనును. వేల కిలోమీటర్ల దారి వేసిన ప్రభుత్వము, నలుబది కిలోమీటర్లు మిగులుండగనే యుద్ధమునకు దారితీయు పంతములు పట్టెను. ఆ తప్పిదమును పూడ్చినది మంత్రుల వాదములు గావు, మంచుపైని గుఱ్ఱముల వీపులు, మనుష్యుల భుజములు. పారిసు మండపమున తెరచుట్టలు త్రిప్పి ముప్పావుగంటలో చూపిన దారికిని, దూలము మోయుచు కాలు జారిన కూలివాడెరిగిన దారికిని నడుమ ఆ సరస్సంత అగాధమున్నది. దారియొక్క బలము దాని పొడవునుబట్టి యుండదు. అది తెగినచోట నిలిచి చూచిననే తెలియును. పంటుకొరకు రేవులో గంటలకొలది నిలిచిన యానామువారికి ఈ మాట నాకంటె బాగుగ తెలియును.

వసంతము వచ్చి బైకాలు కరగినది. ప్రవరుని పాదలేపమువలె ఆ మంచుదారి నీటిలో కలిసిపోయినది. ఇక కొండలను తొలిచి సరస్సు కొన చుట్టి పోవుట తప్ప వేరుదారి లేదు. 39 సొరంగములతో ఆ పనిని 1904 సెప్టెంబరునాటికి ఎట్లు దాటించిరో, ఒంటిదారిమీద అందిన సైన్యము ముక్డెనువద్ద ఏమయ్యెనో, బాల్టికు సముద్రమునుండి బయలుదేరిన రష్యా నౌకాదళము ఫ్రెంచివలసల రేవులలో ఆగుచు, మన హిందూమహాసముద్రము దాటి త్సుషిమా జలసంధిలో ఎట్లు మునిగెనో వచ్చు భాగమున చెప్పుకొందము. ఆసియాఖండపు రాజ్యమొకటి యూరపు సామ్రాజ్యమును గెలిచెనను వార్త గోదావరితీరపు యువకుల గుండెలలో రగిల్చిన వేడియు, 1907 ఏప్రిలులో బిపిన చంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చునాటికి అది జ్వాలయైన విధమును అచ్చటనే చూతము.